పూత మీద ఎర్రనల్లి

రమ్యా,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఆకుల అడుగున సన్నటి గూడు, పైన రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు. అనుమానం అక్కర్లేదు, అది ఎర్రనల్లే. లాల్‌దర్వాజాలో మీ మిద్దె మీద ముందు బంతికి పట్టి, తర్వాత గులాబీకి పాకినట్టుంది. బంతి దానికి పుట్టినిల్లు. పూలు విచ్చి ఉన్నాయి, అమ్మ గుల్కంద్‌కు రేకులు తీస్తోంది, మందు కొట్టనా వద్దా అని అడిగావు. కొట్టొద్దు బిడ్డా. రేకుల మీద విషం పడుతుందనేది ఒక్కటే కారణమైతే ఆ ముక్క ఫోన్లో చెప్పి ఊరుకునేవాణ్ని. నువ్వు తెచ్చిన మందు ఎర్రనల్లిని చంపకపోగా పెంచుతుంది, అందుకని ఇంత పెద్ద ఉత్తరం.

సీసా మీద ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం అని ఉంది. పేనుబంకకూ తెల్లదోమకూ అది గట్టి మందే. ఎర్రనల్లి అసలు ఆ కోవకు చెందిన పురుగు కాదు. ఎనిమిది కాళ్ల జీవి, సాలీడుకూ పిడుదుకూ చుట్టం. ఆ మందు దానికి పెద్దగా తగలదు, దాన్ని తినే జీవులకు మాత్రం తగులుతుంది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఎల్మ్ చెట్లను కాండం తొలిచే ఒక పెంకుపురుగు నుంచి కాపాడదామని ఇదే మందు పెట్టారు. పెట్టిన చెట్ల మీద ఎర్రనల్లి జాతి విరగబడింది, పెట్టని వాటి మీద అంత లేదు. 2011లో అచ్చయిన ఆ పరిశోధన రెండు కారణాలు చూపింది: నల్లిని తినేవి దెబ్బతిన్నాయి, మందెక్కిన ఆకు తిన్న నల్లి మామూలుకన్నా ఎక్కువ గుడ్లు పెట్టింది. ఇది కొత్త వింతేం కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ కొట్టిన ఆపిల్ తోటల్లో, అంతకుముందు ఎవరూ పట్టించుకోని నల్లి పెద్ద చీడై కూర్చుంది. మన దగ్గర 1980లలో గుంటూరు, ప్రకాశం పత్తిచేలల్లో పైరిత్రాయిడ్ మందులు విచ్చలవిడిగా కొట్టిన తర్వాత తెల్లదోమ విరుచుకుపడింది. జీవి వేరు, వరస మాత్రం ఇదే. కాపలా వాళ్లను మనమే చంపేసి దొంగతనం ఎక్కువైందంటే ఎలా?

ఆ కాపలా వాళ్లు మీ మిద్దె మీద కూడా ఉండొచ్చు. కిందికొమ్మ ఆకును తెల్లకాగితం మీద రెండుసార్లు తట్టు. మిరియప్పొడి రాలినట్టు చుక్కలు పడతాయి. అరనిమిషం ఆగితే అందులో కొన్ని కదులుతాయి. నిదానంగా పాకుతూ, వీపున రెండు నల్లమచ్చలతోనో, ఇటుకరంగులోనో ఉండేది ఎర్రనల్లి. వేలితో రుద్దితే కాగితం మీద మరక గీత పడుతుంది. మచ్చల్లేకుండా మెరుస్తూ, కాగితం అంచు దాకా పరుగెత్తేది ఇంకొకటి కనబడితే దాన్ని రుద్దకు. అది నల్లిని తినే నల్లి, మన దేశంలోనే పుట్టి పెరిగే రకాలున్నాయి. ఆవగింజంత నల్లటి అక్షింతల పురుగు కనిపించినా అంతే, స్టెథోరస్ అంటారు దాన్ని, నల్లినే తిని బతుకుతుంది. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి కొనుక్కో. మందు సీసాకన్నా దాంతోనే నీకు ఎక్కువ పని.

ఇక లెక్క చూడు. ముప్ఫై డిగ్రీల పొడి ఎండలో గుడ్డు నుంచి గుడ్లు పెట్టే ఆడనల్లి తయారు కావడానికి వారం పది రోజులు చాలు. ఒక్కోటి జీవితకాలంలో వంద దాకా పెడుతుంది. మగది కలవకపోయినా గుడ్లు పెడుతుంది, వాటిలోంచి మగవే పుడతాయి, తర్వాత వాటితోనే సంతతి సాగుతుంది. అంటే గాలికి కొట్టుకొచ్చిన ఒక్క ఆడనల్లి చాలు. తరాలు అంత తొందరగా మారితే మందుకు తట్టుకునే తరం కూడా తొందరగానే వస్తుంది. ప్రపంచంలో ఇప్పటికి తొంభైకి పైగా మందులకు ఈ జీవి లొంగకుండా పోయిందని నమోదైంది. అలాంటిదాని మీద సీసా మార్చి సీసా కొట్టడం గెలవని పందెం. దాని బలహీనత ఇంకోచోట ఉంది. అది తడి ఓర్వదు, గూడు చెదిరితే నిలదొక్కుకోలేదు.

కాబట్టి నీళ్లే మందు. విచ్చిన పూలన్నీ ముందు కోసెయ్, తడిస్తే రేకులు గోధుమరంగు తిరుగుతాయి. బాగా పాడైన ఆకులు తుంచి కవర్లో కట్టి చెత్తబండికి ఇచ్చెయ్, కుండీ పక్కన పడెయ్యొద్దు. తర్వాత పొద్దున్నే ఆకు అడుగుభాగానికి తగిలేలా, కిందినుంచి పైకి, గట్టిగా నీళ్లు కొట్టు. పైనుంచి పోస్తే మొక్కకు స్నానమే తప్ప నల్లికి ఏమీ కాదు. గుడ్లు ఆకుకూ గూటికీ అంటుకొని చాలావరకు మిగిలిపోతాయి, మూడు నుంచి అయిదు రోజుల్లో పొదుగుతాయి. అందుకే మూడోరోజుకోసారి చొప్పున రెండు వారాలు కడగమంటున్నాను. పొదిగినవి పెద్దవై గుడ్లు పెట్టేలోపే వాటి వంతు రావాలి. ఒక్కసారి కడిగి వారం ఆగితే మళ్లీ మొదటికే వస్తుంది. నీళ్లతో లాభం లేదనేవాళ్లలో ఎక్కువమంది ఆగింది అక్కడే.

ఆకులు తడిస్తే నల్లమచ్చ తెగులు వస్తుందని మీ పక్కింటావిడ అందని రాశావు. ఆ మాటలో నిజముంది. కానీ అది రాత్రంతా తడిగా ఉండే ఆకు సంగతి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడింటికి కడిగిన ఆకు తొమ్మిదికల్లా ఆరిపోతుంది. జూన్‌లో వానలు పడ్డాక ఆ తడే నల్లిని అణచిపెడుతుంది, నువ్వు కడగడం మానెయ్యొచ్చు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంటే మొక్కలకు నీళ్లెక్కడివి అన్నదే నిజమైన అడ్డంకి. చేత్తో పంపు కొట్టే రెండు లీటర్ల స్ప్రేయర్‌తో రెండు మూడు కుండీలు కడగొచ్చు, ఆ కారిన నీళ్లే కుండీకి పారకం అవుతాయి. అదనంగా ఖర్చయ్యేది తక్కువ. ఆర్వో మిషన్ వదిలే నీళ్లు మాత్రం ఆకు మీద వద్దు, ఉప్పు పేరుకుంటుంది.

దుమ్ము సంగతి విడిగా చెప్పాలి. మెట్రో కోసం దారుల్‌షిఫా నుంచి శాలిబండ దాకా 2025లో కూల్చివేతలు మొదలయ్యాక పాతబస్తీ మిద్దెల మీద దుమ్ము ఎలా పడుతోందో నీకు నేను చెప్పక్కర్లేదు. దుమ్ము పట్టిన ఆకు మీద ఎర్రనల్లికి ఇబ్బంది లేదు, దాన్ని వేటాడేవాటికే కాలు సాగదు. సిమెంటు మిద్దె వేడికి తోడు ఇదొకటి. ఇంకో సంగతి, కుండీలో యూరియా వెయ్యడం ఆపు. నత్రజని ఎక్కువై లేతగా పొంగిన ఆకు దానికి విందుభోజనం. వేరు ఎండిన మొక్క మీదా అంతే గబగబా పెరుగుతుంది.

చేవెళ్ల, మొయినాబాద్ వైపు గులాబీ రైతులు మందు కొడుతూనే ఉన్నారు, గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వచ్చే పూలు అవే కదా అన్నావు. అవే. కానీ ఆ పూలు దండకూ సెహ్రాకూ దర్గా చాదర్‌కూ పోయేవి, ఎవరూ గుల్కంద్ చేసుకుని తినమని పండించినవి కావు. ఎకరాల లెక్కన సాగు చేసేవాడికి నీలా ఆకు తిప్పి చూసే తీరిక ఉండదు, అతని అప్పు అతనిది. ఆ పద్ధతినే పద్దెనిమిది కుండీలకు తెచ్చిపెట్టుకోవడం దేనికి? ఎర్రనల్లి మందుగా దుకాణాల్లో బాగా అమ్ముడైన డైకోఫాల్ కథే చూడు. డీడీటీ నుంచి తయారయ్యే ఆ మందును 2019లో స్టాక్‌హోం అంతర్జాతీయ ఒప్పందం నిర్మూలించాల్సిన విష రసాయనాల్లో చేర్చింది, మన ప్రభుత్వం 2023లో నిషేధించింది. ఎవరైనా అటక మీది పాత డబ్బా ఇస్తానంటే తీసుకోకు.

అమెరికాలో గంజాయి పెంచేవాళ్లు పూత మీద కూడా ఏవో కొడతారట కదా అని చివర్లో అడిగావు. ఇక్కడ లైసెన్సు లేకుండా ఆ మొక్క పెంచితే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద నేరం, అది పక్కన పెట్టు. చీడ మాత్రం ఇదే, చిక్కూ ఇదే: పువ్వే సరుకు, అది నేరుగా ఒంట్లోకి పోతుంది. కొలరాడోలో ఆ అమ్మకం చట్టబద్ధమయ్యాక, 2015లో డెన్వర్ అధికారులు పురుగుమందుల అనుమానంతో పెద్ద సంఖ్యలో మొక్కలను కదలనివ్వకుండా ఆపేశారు. వేరే పంటల మీద చెల్లే మందే కావచ్చు, కాల్చి పీల్చే పువ్వు మీద చెల్లుతుందని ఎవరూ పరీక్షించలేదు. మీ గులాబీకీ ఆ తర్కం వర్తిస్తుంది. లేబుల్ మీద గులాబీ పేరున్నంత మాత్రాన రేకు తినొచ్చని కాదు. డబ్బా మీద ఆకుపచ్చ త్రికోణం ఉన్నా అంతే, మిగతా రంగులవాటికన్నా విషం తక్కువని మాత్రమే దానర్థం.

రెండు వారాలు కడిగినా కొత్త చిగురు మీద చుక్కలు వస్తుంటే ఈ విడత పూలు వదులుకో. మొగ్గలతో సహా తుంచేసి, పొద్దుగూకాక వేపనూనె లీటరుకు అయిదు మిల్లీలీటర్లు, కొంచెం మెత్తటి సబ్బు కలిపి ఆకు అడుగున కొట్టు. బట్టల పౌడరు వద్దు, ఆకు మాడుతుంది. నీటిలో కరిగే గంధకం కూడా పాత మందే, కానీ ముప్ఫై అయిదు డిగ్రీల ఎండలో అదీ మాడుస్తుంది, పైగా నూనె కొట్టిన రెండు వారాల దాకా దాని జోలికి పోకూడదు. కాబట్టి వేసవిలో మర్చిపో. అప్పటికీ తేలకపోతే నాలుగు ఆకులు కవర్లో పెట్టుకుని రాజేంద్రనగర్‌లో పూల పరిశోధన కేంద్రానికి వెళ్లు, మీ ఇంటికి దూరమేం కాదు. సీసా సంగతి: మూత విప్పకపోతే దుకాణంలో తిరిగి ఇచ్చెయ్, విప్పి ఉంటే పిల్లలకు అందకుండా తాళం వేసి పెట్టు. మోరీలో మాత్రం పొయ్యకు. చుక్కలు పడ్డ పాత ఆకు ఎన్నిసార్లు కడిగినా పచ్చబడదు, దాన్ని చూసి బెంగపడకు. లెక్కపెట్టాల్సింది కొత్త ఆకులను. మూడు వరసల చిగురు శుభ్రంగా వచ్చాక పూసిన పూలను అమ్మ నిశ్చింతగా గుల్కంద్‌కు తీసుకోవచ్చు. బంతి మొక్కల్ని మాత్రం ఈలోపే గులాబీల దగ్గర్నుంచి అవతలి గోడ పక్కకు జరుపు.

ఇట్లు,
మీ పెద్దనాన్న