సౌకర్యం తగ్గకుండా బాత్రూమ్‌లో నీటి పొదుపు: ముందు కొలుద్దాం, తర్వాత కొందాం



ఎండాకాలం ఉదయం చాలా ఇళ్లలో ఒకటే తొందర. స్కూల్ బస్సు వచ్చేలోపు పిల్లల స్నానాలు కావాలి, అప్పటికి పైన ట్యాంకులో నీళ్లుండాలి. బోరు తగ్గితే ట్యాంకర్‌కు ఫోన్ చేయాలి. అందుకే బాత్రూమ్ బాగు చేయించేటప్పుడు చాలామందికి ఒక ప్రశ్న వస్తుంది: నీళ్లు తక్కువ ఖర్చయ్యే ఫిట్టింగులు పెట్టిస్తే స్నానం చేసినట్టు ఉంటుందా? ఈ నెల పాఠం ఆ ప్రశ్న మీదే. ఇందులో ఉన్నవి ఐదో తరగతి గుణకారాలు, భాగహారాలే. మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

మన వాటా ఎంత?

మన మంజీరా మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుడుతుంది. ఏడుపాయల దగ్గరి ఘణపురం ఆనకట్టకు ఎగువన ఉన్న సింగూరు నుంచి నీళ్లు వదులుతారు. సింగూరు నిండితే దాదాపు 30 టీఎంసీలు. కానీ పైన వానలు పడకపోతే కింద మనకు నీళ్లుండవు. 2016 ఎండాకాలంలో సింగూరు అడుగంటింది, హైదరాబాద్‌కు కూడా అక్కడి నుంచి నీళ్లు ఆగిపోయాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో, ఇదే నదికి ఎగువన ఉన్న లాతూరుకు మీరజ్ నుంచి రైల్లో తాగునీళ్లు పంపారు. మొదటి రైలు 10 వ్యాగన్లలో 5 లక్షల లీటర్లు తెచ్చింది.

ఆ ఏడాదే ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమైంది. ఆ పథకం లెక్క ప్రకారం ఒక్కో మనిషికి రోజుకు పల్లెల్లో 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135, కార్పొరేషన్లలో 150. మనది మున్సిపాలిటీ కాబట్టి నలుగురున్న ఇంటికి 4 × 135 = 540 లీటర్లు. వంట, తాగడం, బట్టలు, గిన్నెలు, బాత్రూమ్ అన్నీ ఇందులోనే. ఈ 540ని గుర్తుపెట్టుకోండి.

మొదటి పని: నల్లాను కొలవండి

ఏ షాపుకూ వెళ్లకముందే 10 లీటర్ల బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీసుకోండి. నల్లా పూర్తిగా తిప్పి బకెట్ నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 600ను ఆ సెకన్లతో భాగించండి. వచ్చేదే నిమిషానికి ఎన్ని లీటర్లో చెప్పే ఫ్లో రేట్. 40 సెకన్లలో నిండితే 600 ÷ 40 = 15 లీటర్లు. 100 సెకన్లు పడితే 6 లీటర్లే.

ఈ కొలత ఎందుకు ముఖ్యమంటే, ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే నల్లాకు అంత ప్రెషర్ వస్తుంది. 10 మీటర్ల ఎత్తుకు సుమారు 1 బార్. ఒక అంతస్తు ఇంట్లో ట్యాంకు షవర్‌కు 3 మీటర్ల పైనే ఉంటే దొరికేది 0.3 బార్ మాత్రమే. నీళ్లు పొదుపు చేసే చాలా షవర్లు, ఎరేటర్లు సరిగ్గా పనిచేయాలంటే అంతకంటే ఎక్కువ ప్రెషర్ కావాలి. మీ నల్లా ఇప్పటికే నెమ్మదిగా వస్తుంటే వాటి మీద డబ్బు పెట్టకండి. ధార జోరుగా వచ్చే కింది అంతస్తుల్లో, అపార్ట్‌మెంట్లలో అవి బాగా ఉపయోగపడతాయి.

ఎక్కడ ఎంత ఆదా అవుతుంది?

1. ఫ్లష్ ట్యాంకు. ఇక్కడ చాలా నీళ్లు పోతాయి. పాత ట్యాంకు ఒక్కసారికి 10 లీటర్లు తీసుకుంటుందనుకుందాం. నలుగురు రోజుకు ఐదేసి సార్లు వాడితే 200 లీటర్లు. రెండు బటన్లుండే డ్యూయల్ ఫ్లష్‌లో చిన్న బటన్‌కు 3, పెద్ద బటన్‌కు 6 లీటర్లు. ఒక్కొక్కరు పెద్దది ఒకసారి, చిన్నది నాలుగు సార్లు నొక్కితే 18 లీటర్లు, నలుగురికీ 72. రోజుకు 128 లీటర్లు మిగులుతాయి. నెలకు 3,840 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్‌లో నాలుగింట మూడు వంతులు. ఒక జాగ్రత్త: పాత కమోడ్ కొన్నిసార్లు 6 లీటర్లతో శుభ్రం కాదు. రెండుసార్లు ఫ్లష్ చేస్తే పొదుపంతా పోతుంది. కమోడ్, ట్యాంకు ఒకదానికొకటి సరిపోతాయో లేదో ప్లంబర్‌ను అడిగాకే కొనండి.

మార్చే వీలు లేకపోతే, ఒక లీటరు సీసాలో నీళ్లు నింపి మూత బిగించి పాత ట్యాంకులో నిలబెట్టండి. లోపలి బంతికి తగలకూడదు. ఫ్లష్‌కు ఒక లీటరు చొప్పున రోజుకు 20 లీటర్లు తగ్గుతాయి. ఇటుక మాత్రం వేయొద్దు, అది కరిగి పొడి వాల్వ్‌లో ఇరుక్కుంటుంది.

2. స్నానం. నిమిషానికి 12 లీటర్లు వచ్చే షవర్ కింద 5 నిమిషాలు నిలబడితే 60 లీటర్లు. 7 లీటర్ల షవర్ అయితే 35. మన బకెట్, మగ్గు అయితే 20. బకెట్‌ను వదలక్కర్లేదు! షవర్ ఇష్టపడేవారు సబ్బు రుద్దుకునేటప్పుడు ఆపేయండి. వంగి ముంచుకోలేని పెద్దవాళ్లకు ఒక స్టూలు, బటన్‌తో ఆగే హ్యాండ్ షవర్ పెట్టించండి. వాళ్లకు సుఖం, నీళ్లూ వృథా కావు. గీజర్ నల్లా కింద మొదటి నుంచే బకెట్ ఉంచితే వేడి నీళ్లకు ముందు వచ్చే చల్లనీళ్లు కూడా అందులోనే పడతాయి.

3. వాష్ బేసిన్. నల్లా తిప్పి ఉంచి 2 నిమిషాలు పళ్లు తోముకుంటే, నిమిషానికి 12 చొప్పున 24 లీటర్లు. మగ్గుతో అయితే ఒక లీటరు చాలు. నల్లా మూతికి బిగించే చిన్న జల్లెడే ఎరేటర్. ధారలో గాలి కలుపుతుంది కాబట్టి తక్కువ నీళ్లైనా చేతికి మెత్తగా, నిండుగా తగులుతాయి. ధర వందల్లోనే ఉంటుంది. మన నీళ్లలో సున్నం పేరుకుంటుంది కనుక అప్పుడప్పుడు విప్పి నిమ్మరసంలో నానబెట్టి కడగాలి.

4. కారడం. సెకనుకు ఒక చుక్క, 20 చుక్కలకు ఒక మిల్లీలీటరు అనుకుంటే రోజుకు 4.3 లీటర్లు. నెలకు సుమారు 130 లీటర్లు, అంటే దాదాపు ఒక మనిషి ఒకరోజు వాటా. వాషర్ మారిస్తే చాలు. ఫ్లష్ ట్యాంకు కారితే చప్పుడు కూడా రాదు. ట్యాంకులో కొన్ని చుక్కల నీలం ఇంకు వేసి అరగంట ఎవరూ వాడకండి. కమోడ్‌లో రంగు కనిపిస్తే అడుగున ఉన్న రబ్బరు అరిగినట్టే.

ఏది ముందు, ఏది తర్వాత?

ముందు కారడం ఆపండి. తర్వాత ఎరేటర్, సీసా. డ్యూయల్ ఫ్లష్, కొత్త షవర్ లాంటివి టైల్స్ మార్చేటప్పుడో, పాతవి పాడైనప్పుడో పెట్టించండి. అద్దె ఇంట్లో ఉన్నవారు మొదటి రెండూ సొంతంగా చేసుకోవచ్చు. డ్యూయల్ ఫ్లష్ కోసం ఇంటి ఓనర్‌కు పైన చేసిన లెక్క చూపించండి. మోటార్ కరెంటు, ట్యాంకర్ ఖర్చు ఎవరు భరిస్తున్నారో చెబితే మాట త్వరగా తెగుతుంది.

ఒక్క విన్నపం. పొదుపు పేరుతో పిల్లలు చేతులు కడుక్కోవడం, ఫ్లష్ చేయడం తగ్గించకూడదు. "నీళ్లు ఎందుకు పోస్తున్నావు?" అని గదిమితే వాళ్లు టాయిలెట్‌కు వెళ్లడమే వాయిదా వేస్తారు. ఫిట్టింగును సరిచేసే బాధ్యత పెద్దలది.

ఈ నెల ఇంటి పని

పిల్లలతో కలిసి నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయండి: పని, ఒక్కసారికి ఎన్ని లీటర్లు, రోజుకు ఎన్నిసార్లు, మొత్తం. ఒక ఆదివారం స్నానం, ఫ్లష్, పళ్లు తోమడం, బట్టలు, గిన్నెలు, వంట, తాగడం అన్నీ రాయండి. మొత్తాన్ని ఇంట్లో ఉన్న మనుషుల సంఖ్యతో భాగించి 135తో పోల్చండి. పైన చెప్పిన వాటిలో ఒక్కటి మార్చి, వచ్చే ఆదివారం మళ్లీ కొలవండి. రెండు లెక్కలూ ఉన్న నోట్‌బుక్‌ను తరగతికి పంపండి. గ్రాఫ్ గీయడం మేం నేర్పిస్తాం.