మామిడి నీడన

పెరటిలో మామిడి గుబురుగా ఎదిగిన పిమ్మట దాని కింద మరేదీ బ్రతకదన్న నమ్మకం తెలుగునాట బలంగా ఉన్నది. గృహస్థు ఆ నీడలో గులాబీ నాటుతాడు, అది పూయదు. చామంతి నాటుతాడు, అది సన్నబడి వాలిపోతుంది. తప్పు చెట్టుదేనని తలచి చివరకు గొడ్డలి పట్టిస్తాడు. ముప్పై ఏండ్ల వృక్షం ఒక్క పూటలో నేలకూలుతుంది. నిజానికి తప్పు చెట్టుది కాదు, ఎంపికది.

మామిడి నిత్యహరిత వృక్షం. అంటే ఆకు రాల్చదని అర్థం కాదు. ఆకులన్నింటినీ ఒక్కసారిగా రాల్చదు. టేకు వంటి చెట్ల కింద వేసవికి ముందు కొన్నాళ్లయినా ఎండ నేలను తాకుతుంది. మామిడి కింద ఆ అవకాశం లేదు. పైగా ఆహారాన్ని పీల్చే సన్నని వేళ్లు నేల పైపొరలోనే అల్లుకొని, తేమ కోసం చిన్న మొక్కలతో పోటీపడతాయి.

ఈ రెండింటినీ ఓర్చుకొనగలవి పసుపు, అల్లం, చేమ, కంద. వీటిలో పసుపుది మేలైన పొందిక. తొలకరికి నాటితే చాలావరకు వర్షపు తేమతోనే పెరిగి, సంక్రాంతి దాటేసరికి దాని ఆకు ఎండుతుంది. అది మామిడి పూసే కాలం. పూతకు ముందు నీరు అధికమైతే మామిడి పూతకు బదులు చిగురు వేస్తుంది. కనుక శీతాకాలంలో తరచుగా నీరు కోరే చామంతి అక్కడ అన్ని విధాలా పరాయిదే. పూలే కావాలన్న ఇల్లాలికి కనకాంబరం ఉన్నది. అయితే దానిని మొదలు వద్ద గాక, కొమ్మల అంచున, పల్చని నీడలో నాటవలె.

పెరటికి చెందిన ఈ సూత్రమే అరకు, పాడేరు కొండలలో జీవనాధారమైంది. అక్కడి గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ పెంచుతారు. ఆ మానులపైకే మిరియపు తీగను పాకిస్తారు. ఇథియోపియా అడవులలో పెద్ద చెట్ల కింద పుట్టిన అరబికా కాఫీకి నీడ పుట్టినిల్లు వంటిది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

మామిడి కాయలు కోసిన తరువాత లోపలి గుబురు కొమ్మలను కొన్నింటిని తొలగిస్తే వెలుతురు దిగుతుంది. దుంపలను తవ్వవలసి ఉంటుంది గనుక వాటిని మొదలుకు నాలుగైదు అడుగుల ఎడంగా నాటాలి. లావు వేరు తగిలిన చోట దానిని నరకక గుంటనే పక్కకు జరపాలి. మాను చుట్టూ మట్టిని ఎత్తుగా పోస్తే బెరడు కుళ్లుతుంది. రాలిన ఆకును ఊడ్చి తగులబెట్టడం చాలా ఇండ్లలో అలవాటు. దానిని మొక్కల నడుమ పరిస్తే తేమ నిలిచి, క్రమంగా ఎరువుగా మారుతుంది.