ముద్ర లేని జట్టు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో బేస్‌బాల్ ఆటకు గల ఆదరణము అపారము. క్రికెట్ వలెనే ఇదియు బంతితోను, బ్యాటుతోను ఆడు ఆట. అచ్చటి వృత్తి క్రీడాకారులలో రెండు అంతస్తులు కలవు. మహానగరముల జట్లు మేజర్ లీగులలోను, చిన్న పట్టణముల జట్లు మైనర్ లీగులలోను ఆడును.

1920 తరువాత సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు నిర్వాహకుడైన బ్రాంచ్ రికీ ఒక నూతన పద్ధతిని వ్యాపింపజేసెను. రైతు నారుమడిలో నారు పెంచి పొలమున నాటినట్లు, పెద్ద జట్టు చిన్న జట్లయందు యువకులను తీర్చిదిద్ది, తగినవారిని తన చెంతకు చేర్చుకొనును. ఈ పద్ధతిలో ఆటగాండ్రకు జీతమిచ్చునది పెద్ద జట్టే. ఎవడు ఎచ్చట ఆడవలెనో నిర్ణయించునదియు అదియే. నేడు ఒక పట్టణమునకు విజయము తెచ్చినవాడు రేపు మఱియొక పట్టణమునకు పోవలసివచ్చును. ఇట్టి అండ లేక స్వశక్తిపై నిలుచు జట్టును స్వతంత్ర జట్టందురు.

ఆరెగన్ రాష్ట్రమందలి పోర్ట్‌లండ్ నగరమున బీవర్స్ అను జట్టు బహుకాలము పసిఫిక్ కోస్ట్ లీగునందు ఆడెను. ప్రేక్షకులు తగ్గిపోవుటచే 1972 పోటీలు ముగిసిన పిమ్మట ఆ జట్టు స్పోకేన్ నగరమునకు తరలిపోయెను. పోర్ట్‌లండ్ క్రీడాంగణము శూన్యమయ్యెను.

అప్పుడు బింగ్ రస్సెల్ అను నటుడు ముందుకు వచ్చెను. యౌవనమున ఆయనయు మైనర్ లీగులలో ఆడినవాడు. 1973లో ఆయన నార్త్‌వెస్ట్ లీగునందు ఒక స్వతంత్ర జట్టును నెలకొల్పెను. దాని పేరు మావరిక్స్. పూర్వము టెక్సాస్ రాష్ట్రమున శామ్యూల్ మావరిక్ అనునాతడు తన పశువులకు ముద్ర వేయింపకుండెను. అందుచే ముద్ర లేని పశువునకును, ఒకరి అదుపున ఉండని మనుష్యునకును ఆ పేరు కలిగెను.

ఈ జట్టునకు ఆటగాండ్రెచ్చటినుండి వచ్చిరి? రస్సెల్ అందఱికిని ప్రవేశము గల బహిరంగ పరీక్ష జరిపెను. పెద్ద జట్లు త్రోసిపుచ్చినవారు, వయసు మీఱినదని విడువబడినవారు దేశపు నలుమూలలనుండి వచ్చిరి. జీతము స్వల్పమే. అయినను మరల ఆడు అవకాశము లభించుటయే వారికి భాగ్యము. నిర్వాహక పదవికి రస్సెల్ లానీ మాస్ అను యువతిని నియమించెను. వృత్తి బేస్‌బాల్‌లో స్త్రీలకు అట్టి పదవి దక్కుట ఆ దినములలో మిక్కిలి అరుదు.

జిమ్ బౌటన్ అను పిచ్చరు, అనగా బంతి విసరువాడు, 1963లో న్యూయార్క్ యాంకీస్ పక్షమున 21 విజయములు సాధించి, 1970లో ఆట విడిచెను. ఆయన 1975లోను, 1977లోను మావరిక్స్ పక్షమున ఆడెను. 1978లో 39 ఏండ్ల వయసున అట్లాంటా బ్రేవ్స్ జట్టున చేరి మరల మేజర్ లీగులో అడుగిడెను.

మావరిక్స్ జట్టు పలుమారులు తన విభాగమున ప్రథమస్థానము పొందెను. లీగు విజేత పదవి మాత్రము ఒక్కమారును దక్కలేదు. 1977లో తుది పోటీయందు బెల్లింగ్‌హామ్ జట్టు చేతిలో ఓడిపోయెను. ఐనను ఆ యేడు పోర్ట్‌లండ్‌లో వారి ఆటలు చూచినవారు లక్షకు మించిరి.

ఈ ఆదరణమే జట్టునకు ముప్పు తెచ్చెను. పసిఫిక్ కోస్ట్ లీగు తాను విడిచిన నగరమును మరల కోరెను. పై తరగతి లీగు పరిహారమిచ్చి క్రింది తరగతి జట్టు స్థానమును గైకొనుటకు నియమములు అంగీకరించుచుండెను. లీగు 26,000 డాలర్లు ఇవ్వజూపెను. రస్సెల్ 2,06,000 డాలర్లు కోరెను. వివాదము మధ్యవర్తులయొద్దకు పోయెను. వారు రస్సెల్ కోరిన మొత్తమును పూర్తిగా చెల్లింపవలెనని తీర్పు చెప్పిరి.

తీర్పు గెలిచినను జట్టు నిలువలేదు. 1978లో పోర్ట్‌లండ్‌కు బీవర్స్ తిరిగి వచ్చెను. రస్సెల్ 2003లో మరణించెను. 2014లో ఆయన మనుమలు ఈ జట్టు చరిత్రను చలనచిత్రముగా వెలువరించిరి.

ఎవరికిని అక్కఱలేనివారు ఎవరికిని అక్కఱలేని క్రీడాంగణమును ఐదేండ్లలో జనులతో నింపిరి. దాని విలువ తెలిసిన పిమ్మటనే ఇతరులు దానిని కోరిరి. స్థానము పోయినను, ఆ విలువను కలిగించినది తామేయను కీర్తి మావరిక్స్‌కు మిగిలెను.