ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష

కావ్యానికి శోభ కలిగించే ధర్మాలను అలంకారాలు అంటారు. భరతుని నాట్యశాస్త్రం ఉపమ, రూపకం, దీపకం, యమకం అనే 4 అలంకారాలనే పేర్కొన్నది. తరువాతి ఆలంకారికులు ఆ సంఖ్యను నూరు దాటించారు. సాదృశ్యం ఆధారంగా ఏర్పడే ఈ మూడింటి భేదాన్ని పరిశీలిద్దాం.

1. ఉపమ
లక్షణం: ఉపమేయ ఉపమానాలకు మనోహరమైన పోలిక చెప్పడం.
ఉదా: గురువు మాట దీపంవలె దారి చూపుతుంది.
సమన్వయం: ఇందులో గురువు మాట ఉపమేయం. దీపం ఉపమానం. దారి చూపడం సమానధర్మం. 'వలె' ఉపమావాచకం. నాలుగూ ఉన్నందున ఇది పూర్ణోపమ. 'గురువు మాట దీపం వంటిది' అంటే సమానధర్మం లోపించింది కనుక లుప్తోపమ.

2. రూపకం
లక్షణం: ఉపమేయ ఉపమానాలకు అభేదం చెప్పడం.
ఉదా: గురువు మాట అనే దీపం అజ్ఞానమనే చీకటిని తొలగిస్తుంది.
సమన్వయం: ఇక్కడ మాటకు దీపంతోను, అజ్ఞానానికి చీకటితోను అభేదం చెప్పబడింది.

3. ఉత్ప్రేక్ష
లక్షణం: సమానధర్మాన్ని బట్టి ఉపమేయాన్ని ఉపమానంగా ఊహించడం.
ఉదా: గురువు మాట చీకటిని పారదోల వెలిగించిన దీపమో అన్నట్లున్నది.
సమన్వయం: ఇక్కడ గురువు మాట దీపంగా ఊహించబడింది.

గమనిక: వాచకాన్ని మాత్రమే చూసి అలంకారాన్ని నిర్ణయించరాదు. 'అతడు నిన్నటివలె నేడూ వచ్చాడు' అనే వాక్యంలో 'వలె' ఉన్నా మనోహరమైన పోలిక లేదు; కనుక అది ఉపమ కాదు. కవి 'దాని వంటిది' అంటే ఉపమ, 'అదే ఇది' అంటే రూపకం, 'అదేనేమో' అంటే ఉత్ప్రేక్ష. పరీక్షలో లక్షణం, ఉదాహరణలతోపాటు సమన్వయం కూడా రాయాలి. విద్యార్థి అలంకారాన్ని గ్రహించాడో, కేవలం వల్లించాడో తెలిపేది సమన్వయమే.

అభ్యాసం: 'చదువు అనే పడవ సంసారమనే సముద్రాన్ని దాటిస్తుంది' – ఇందులోని అలంకారాన్ని గుర్తించి సమన్వయించండి. ఇదే భావాన్ని మిగిలిన రెండు అలంకారాలలో రాయండి.