చౌక దిగుమతి లోడరు: బయానా ఇచ్చుటకు ముందు

పాకలో పేడ ఎత్తుటకు, దిబ్బ ఎరువు బండికి నింపుటకు, చెరువు పూడిక మట్టి పొలములో పరచుటకు సమయమునకు కూలీలు దొరకుట కష్టమైనది. అందుచేత చైనా నుండి దిగుమతియగు చిన్న లోడర్ల వైపు పలువురు రైతులు చూచుచున్నారు. వెల తక్కువైనంత మాత్రమున పని చౌక కాదు. ఈ క్రింది విషయములు విచారించిన పిదపనే బయానా ఇవ్వవలెను.

ఎత్తగల బరువు: గుర్రపు బలమును చూచి మోసపోరాదు. ఎంత బరువుకు యంత్రము ముందుకు ఒరిగిపోవునో అందులో సగమే చక్రముల లోడరుకు సురక్షితమైన బరువు. ఒరుగు బరువు 400 కిలోలైనచో 200 కిలోలే ఎత్తవలెను. తడి మట్టి ఘనపు మీటరుకు సుమారు 1,600 కిలోలు తూగును. 150 లీటర్ల బకెట్టు నిండుగా తీసినచో 240 కిలోలగును. ఇది హద్దు మీరినట్లే. అదే బకెట్టుతో వదులైన ఎండు ఎరువును నిర్భయముగా ఎత్తవచ్చును.

నేల: ఒక ప్రక్క చక్రములను ఆపి, రెండవ ప్రక్క చక్రములను నడిపి మలుపు తిరుగు లోడరు తడి నేలలో గాడులు చేయును, సిమెంటు గచ్చుపై దాని టైర్లు త్వరగా అరుగును. మీ పాకలో, మీ చేనిలో నడిపించి చూపుమని అడుగుడు.

విడిభాగములు: హైడ్రాలిక్ గొట్టము, పంపు, ఫిల్టరు మీ జిల్లాలో దొరకునా? అమ్మినవాడే మరమ్మతు చేయునా? హామీ పత్రము వ్రాతపూర్వకముగా తీసికొనుడు.

ఖర్చు: ఉదాహరణకు 5 లక్షల రూపాయల యంత్రము 10 సంవత్సరములు పనిచేసి, చివరకు 50 వేలకు అమ్ముడుపోవుననుకొందము.

ఏటా తరుగుదల రూ. 45,000
సగటు పెట్టుబడి రూ. 2,75,000పై నూటికి 10 వంతున వడ్డీ రూ. 27,500
మొత్తము రూ. 72,500

యంత్రము ఊరక నిలిచియున్నను ఈ ఖర్చు తప్పదు. ఏటా 500 గంటలు పనియున్నచో గంటకు 145 రూపాయలు, 100 గంటలే యున్నచో 725 రూపాయలు పడును. విడిభాగములు దొరకక 5 ఏండ్లకే మూలబడినచో, 100 గంటల లెక్కన 1,175 రూపాయలగును. ఇంధనము, డ్రైవరు, మరమ్మతు ఖర్చులు దీనికి అదనము. ఈ మొత్తమును మీ ఊరి బాడుగ రేటుతో పోల్చి చూడుడు.

భద్రత: నడుపువానిపై రక్షణ చట్రము, నడుము పట్టీ ఉండవలెను. బరువుతో పోవునపుడు బకెట్టును నేలకు దగ్గరగా ఉంచవలెను. వాలుపై బరువైన వైపు ఎప్పుడును ఎగువకే ఉండవలెను. కావున నిండు బకెట్టుతో వెనుకకు నడుపుచు దిగవలెను. ఎత్తిన చేతుల క్రిందికి ఎవరును పోరాదు.

ముందుగా ఒక సంవత్సరము మీ పని గంటలను పుస్తకములో వ్రాసికొనుడు. గంటలు తక్కువైనచో బాడుగ యంత్రమే మేలు. లేదా నలుగురైదుగురు రైతులు కలిసి కొనవచ్చును. అట్టి ఉమ్మడి కొనుగోలులో ఎవరి వంతు ఎప్పుడో, మరమ్మతు ఎవరిదో ముందే కాగితముపై వ్రాయించుటకు గ్రామాధికారులు తోడ్పడవలెను.