చెరువు - కాలువ

ఒక గ్రామమున ఇద్దరు రైతులు కలరనుకొందము. ఇద్దరును సమానముగా కష్టపడుదురు. ఇద్దరికిని చెరి 3 ఎకరముల పొలము కలదు. అయినను పదియేండ్లు గడచునప్పటికి ఒకడు మేడ కట్టెను. మరియొకడు ఉన్న పొలము నమ్ముకొనెను. లోకులు దీనిని తలవ్రాత యందురు. బాలబాలికలారా! అది నిజమా? విచారింతము.

మొదట ఆదాయమునకును సంపదకును గల భేదమును తెలిసికొనవలెను. ఆదాయము కాలువ వంటిది; పారినన్నాళ్లే నీరు. సంపద చెరువు వంటిది. అందు నీరు నిలిచియుండును. భూమి, ఇల్లు, బంగారము, బ్యాంకులోని నిలువ, కంపెనీల వాటాలు సంపద యనబడును. వానలు లేని యేడు కాలువ యెండును. చెరువున్నవాడు మాత్రమే నిలద్రొక్కుకొనగలడు.

మొదటి రైతునకు పెద్దలిచ్చిన లక్ష రూపాయలు కలవు. వానిని నూటికి సాలుకు 7 రూపాయల వడ్డీకి బ్యాంకులో ఉంచెను. వడ్డీని తీయకుండుటచే పదియేండ్లకు సొమ్ము ఇంచుమించు రెండింతలయ్యెను. రెండవవానికి అట్టి నిలువ లేదు. ఒకయేడు వానలు తప్పినవి, తల్లికి జబ్బుచేసినది. అతడు లక్ష రూపాయలు అప్పు తెచ్చెను. వడ్డీ నూటికి నెలకు 2 రూపాయలు. అనగా సాలుకు 24 రూపాయలు. ఏటేట వడ్డీ అసలులో కలియగా నాలుగేండ్లు నిండకమునుపే అప్పు రెండింతలయ్యెను. పొలము అమ్మక తప్పలేదు. అతనియందు సోమరితనము లేదు, దుబారా లేదు. ఒకే వడ్డీలెక్క ఒకని పెంచెను, ఒకని ముంచెను.

ఈ భేదము తండ్రులతో ఆగదు. వారసత్వము వలన ఆస్తియు, దానితోపాటు మంచి చదువును ఒకని బిడ్డలకు దొరకును. రెండవవాని బిడ్డలు కూలికి పోవుదురు. 1991 తరువాత మన దేశమున వ్యాపారములు వృద్ధిచెందినవి. పేదరికము కొంత తగ్గినది. కాని లాభములలో పెద్దభాగము వాటాలును భూములును గలవారికే చేరెను. అత్యంత ధనికులైన నూటికొక్కరి చేతిలో 1961లో దేశసంపదయందు నూటికి సుమారు 13 వంతులుండగా, 2022-23 నాటికి అది 40 వంతులైనదని ఆర్థికశాస్త్రజ్ఞుల అంచనా.

దీనికి ఉపాయమేమి? తెలంగాణమున భూమికై పోరాటము సాగుచున్న దినములలో, 1951 ఏప్రిల్ 18న, వినోబా భావే పోచంపల్లికి వచ్చెను. అచ్చటి 40 దళిత కుటుంబములవారు తమకు 80 ఎకరములున్న బ్రతుకగలమనిరి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరములిత్తుననెను. భూదానోద్యమము అట్లు పుట్టినది. కాని తరువాత దేశమంతట దానముగా వచ్చిన భూములలో పెక్కు సేద్యమునకు పనికిరానివి. పెక్కు వివాదములలో చిక్కినవి. దాత మనసు గొప్పదే. అయినను పేదవాని బ్రతుకు దాత మనసుపై ఆధారపడియుండరాదు.

కావుననే చట్టము అవసరమైనది. సంపద కొద్దిమంది చేతులలో చేరి ప్రజలకు కీడు కలుగకుండ చూడవలెనని రాజ్యాంగము 39వ అధికరణమున ఆదేశించుచున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 1973లో భూపరిమితి చట్టము వచ్చెను. హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెలకును సమానహక్కునిచ్చు చట్టము ఇచ్చట 1985 నుండి అమలైనది. 2005లో అట్టి హక్కు దేశమంతటికిని లభించినది. మరణించినవారి ఆస్తిపై పన్ను 1985లోను, సంపదపన్ను 2015లోను రద్దయినవి. మిక్కిలి పెద్ద ఆస్తులపై మరల పన్ను వేయవలెనని కొందరును, అట్లు చేసిన పెట్టుబడులు తరలిపోవునని కొందరును వాదించుచున్నారు.

మన రెండవ రైతును మరువరాదు. అతనికి తక్కువ వడ్డీకి అప్పును, తల్లికి ఉచితవైద్యమును, పంటకు బీమాయును సకాలమున అందియుండినచో పొలము అతనికే మిగిలెడిది. అతని బిడ్డలు బడికి పోయెడివారు. అతడు పొలము కోల్పోవుట తలవ్రాత కాదు. మనుష్యులు వేసిన లెక్క. దానిని దిద్దుటయు మనుష్యుల చేతిలోనే యున్నది.