పోటీ పరీక్షల ప్రత్యేకం: వాల్వు రేడియో లోపల ఏముంది?

ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం 1963లో మొదలైంది. అప్పటికి శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో ఉన్న వాల్వు రేడియోలు స్విచ్ వేయగానే పలికేవి కావు, కాసేపు ఆగాలి. ఎందుకో తెలిస్తే సగం పాఠం వచ్చినట్టే.

వాల్వు అంటే గాలి తీసేసిన గాజు బుడ్డి; నడుమ కాథోడ్ ఉంటుంది. దాని లోపలి హీటర్ తీగకు చాలా వాల్వుల్లో 6.3 వోల్టులు ఇస్తారు. కాథోడ్ మీది బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడ్ల పూత ఎర్రగా వేడెక్కాకే ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. ఇదే ఉష్ణ ఎలక్ట్రాన్ ఉద్గారం. దీనిపై కృషికి ఓవెన్ రిచర్డ్‌సన్‌కు 1928 భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది.

ధనావేశమున్న ఆనోడ్, అంటే ప్లేటు, ఆ ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. ఈ రెండే ఉంటే డయోడ్ (ఫ్లెమింగ్, 1904). అది ఏసీని డీసీగా మారుస్తుంది తప్ప శబ్దాన్ని పెంచలేదు.

అసలు పని గ్రిడ్‌ది. 1906లో లీ డి ఫారెస్ట్ చేర్చిన ఈ మూడో భాగం కాథోడ్‌ను ఆనుకోకుండా, దానికి బాగా దగ్గరగా చుట్టిన సన్నని తీగ. సాధారణంగా దీనికి కొద్దిపాటి రుణ వోల్టేజి ఇస్తారు. చెరువు మదుము తలుపు కాస్త కదిపితే కాలువ నీరంతా మారినట్టు, గ్రిడ్ మీద చిన్న మార్పు ప్లేటు కరెంటును బాగా మారుస్తుంది. ఆంప్లిఫికేషన్ అంటే ఇదే.

కాథోడ్, ప్లేటు, గ్రిడ్ లాంటి భాగాలే ఎలక్ట్రోడ్‌లు: టెట్రోడ్‌లో 4, పెంటోడ్‌లో 5 ఉంటాయి. పరోక్షంగా వేడెక్కే వాల్వుల్లో హీటర్‌ను లెక్కించకూడదు. అభ్యర్థులు ఇక్కడే తడబడతారు.

గాజు లోపల వెండిలా మెరిసే మచ్చ గెట్టర్. మిగిలిన వాయువులను అది పీల్చుకుంటుంది. తెల్లబడిందంటే లోపలికి గాలి చేరినట్టే, వాల్వు మార్చాల్సిందే.